హనుమక్క మేక తిన్న హిండి

1984 జూన్‌లో నన్ను బళ్ళారి తాలూకా మోక పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరులో సర్జన్ ఉన్నా, అక్కడ ఉన్నది ఒక గది, ఒక కాంపౌండరు, గేదెల్ని కదలకుండా నిలబెట్టడానికి ఆరుబయట ఇనుప గొట్టాల చట్రం, అంతే. మాది బళ్ళారి బజారులో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. పొద్దున బస్సులో మోకకు పోయి, సాయంత్రం బస్సులో తిరిగి వచ్చేవాణ్ణి.

ఆ ఏడే జిల్లా ఆఫీసు పాలమేకల పథకం మొదలుపెట్టింది. కాలువ కింది ఊళ్లలో కూలికి పోయే ఆడవాళ్లకు జమునాపారి సంకరం మేకల్ని ఇచ్చి, పాలు అమ్ముకోమన్నారు. మేకలు వరిమళ్ల మీద పడకుండా ఇంటి దగ్గరే కట్టి మేపాలన్నది షరతు. టీకాలు, నులిపురుగుల మందు, చచ్చిన మేకకు పోస్ట్‌మార్టం నా పని. మేత ఏం పెట్టాలో, పాలు ఎలా పెంచాలో చెప్పడం పథకం అధికారి పని. కష్టం నా వాటా, పేరు అతని వాటా అన్నమాట.

ఆ అధికారి డాక్టర్ బసవరాజ. ధారవాడ మనిషి, తెలుగు రాదు, కాలేజీలో నాకు జూనియరు. ఉత్తరాదిలో ఎక్కడో మేకల మీద ప్రత్యేక శిక్షణ పొంది వచ్చాడు. జీపులో దిగేవాడు. అతన్ని చూస్తే నాకు కడుపుమంట. ఈ మాటను ఇంతకంటే మర్యాదగా చెప్పవచ్చు, కానీ అప్పుడు అది అబద్ధమవుతుంది. నేను ఊళ్లోకి అడుగుపెడితే ఆడవాళ్లు మేకల్ని పెరట్లోకి లాక్కుపోయేవాళ్లు. అతను వస్తే వాటి కొమ్ములకు నూనె రాసి వాకిట్లో నిలబెట్టేవాళ్లు. అతను వాళ్ల నోట 'మేక డాక్టరు', నేను 'సూది డాక్టరు'. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గదా, అదే సంగతి. చివరికి నా కాంపౌండరు కూడా అతనిలాగే పాపిడి తీయడం మొదలుపెట్టాడు.

వానలు ముదిరిన రోజుల్లో మోక అవతలి ఒక పల్లె నుంచి హనుమక్క కబురు పంపింది. హనుమక్క వరినాట్లకు, కలుపుకు పోయే మనిషి. మేక పాలు బస్టాండు దగ్గరి టీ హోటలుకు పోసేది. తనదంటూ చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. ఆ మేక నాలుగు రోజులుగా పాలు ఇవ్వడం లేదని, మొగుడు దాన్ని కటికె ఖాదరు సాబుకు మాట్లాడేశాడని, మర్నాడు వచ్చి తోలుకుపోతాడని కబురు. మేక పోతే ఆమె మళ్లీ ప్రతి చిన్న అవసరానికీ మొగుడి ముందు, తోడికోడలు లక్ష్మక్క ముందు చెయ్యి చాచాల్సిందే.

వెళ్లి చూస్తే మేక గోడకు తల ఆనించి నెడుతూ ఉంది. మధ్యమధ్య గోడ సున్నం నాకుతుంది, కట్టిన తాడు నములుతుంది. పాలకు కూర్చుంటే తంతుందట, సొంత పిల్లనే కుమ్మి తోస్తుందట. మెడలో నల్లతాడు, దానికో పాత చెప్పు వేలాడుతున్నాయి. లక్ష్మక్క దిష్టి తగిలిందని హనుమక్క గోడ మీదుగా పక్కనే ఉన్న ఆమె ఇంటికి వినబడేలాగే చెప్పింది.

మేక కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి పెద్ద గదిని మేము రూమెన్ అంటాం. మేసిన గడ్డి అక్కడే పులిసి, నెమరుకు తిరిగి వస్తుంది. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి పట్టుకుంటే, ఆరోగ్యంగా ఉన్న మేకలో ఆ గది కాసేపటికొకసారి పైకి లేచి చేతిని నెడుతుంది. ఈ మేకలో ఏ కదలికా లేదు. నొక్కితే లోపల నీళ్లు గలగలమన్నాయి. నోరు పుల్లటి వాసన. గుండ్రటి పెంటికలకు బదులు పలచటి పేడ. తినరానిదేదో ఎక్కువగా తిని కడుపు పులిసిపోయిందని తేలింది.

ఏం పెడుతున్నావని అడిగాను.

"హిండి సారూ. మేక డాక్టరు దినామూ పిడికెడు పెట్టమన్యాడు."

నిజం చెప్పాలంటే, ఆ మాటతో నా ప్రాణం లేచి వచ్చింది. కన్నడంలో హిండి అంటే గానుగలో నూనె తీయగా మిగిలిన చెక్క. వానాకాలంలో వేరుశనగ చెక్కకు బూజు పడితే అది విషమే. ఇంత చదువుకున్న మేక డాక్టరుకు ఆ జాగ్రత్త చెప్పాలని తెలియలేదన్నమాట! ఈ సంగతి మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరు ముందు ఏ మాటలతో చెప్పాలో అక్కడే కన్నడంలో కూర్చుకున్నాను కూడా. కన్నడం నాకు అంత ధారాళంగా ఎప్పుడూ రాలేదు.

హిండి వెంటనే ఆపమన్నాను. హనుమక్క ససేమిరా అంది. ఆ సారు చెప్పింది మాననంది. సరే, కొంచెం తెచ్చి చూపించు అన్నాను. మేక కోసం అడగలేదు, బసవరాజ మీద సాక్ష్యంగా ఒక పొట్లం కట్టి తీసుకుపోదామని అడిగాను.

ఆమె లోపలికి పోయి ఒక బేసిన్ తెచ్చి ముందు పెట్టింది. అందులో మరలో పట్టించిన తెల్లటి జొన్నపిండి ఉంది.

"ఇదేందమ్మా?"

"హిండి."

"ఇది జొన్నపిండి గదా."

"ఔ సారూ, పిండే. వాళ్ల కన్నడంలో హిండి. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి, మన పందిని హంది అంటారు. ఆ మాత్రం నాకు తెలీదా యేంది?"

మా సరిహద్దు మనుషులకు మాత్రమే సాధ్యమైన పొరపాటు ఇది. తెలుగు 'ప' కన్నడంలో 'హ' అవుతుందన్న సూత్రం మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. నూటికి తొంభై మాటలకు అది సరిపోతుంది, పిండికి మాత్రం సరిపోదు; కన్నడంలో పిండిని హిట్టు అంటారు. ఆ ఇంట్లో గానుగ చెక్క ఎప్పుడూ కొన్నది లేదు, కాబట్టి ఆమె సూత్రాన్నే నమ్ముకుంది. బసవరాజ చెప్పింది మాత్రం అక్షరాలా సరైనదే. సాక్ష్యం పొట్లం కట్టే ఆలోచన మానుకున్నాను.

అయినా రోజుకు ఒక పిడికెడు పిండికి మేక ఇంత పాడవదు. ఆ సారు పిడికెడే గదా చెప్పాడు, నువ్వెంత పెడుతున్నావని అడిగాను. ఆమె పక్క వాకిలి వైపు చూసింది.

"లక్ష్మక్క మేక నా మేక కన్నా ఎక్కువ ఇస్తాండాది సారూ. నా కండ్ల ముందరే చెంబు నిండా పిండుకొని పోతాది. సూస్తా ఊరికే కూచోవల్లనా? అందుకే బేసిన్ నిండా పెడతాండా."

ఆ బాధ ఎలాంటిదో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. లక్ష్మక్క ఏ డాక్టరు మాటా వినే రకం కాదు. షరతును గాలికి వదిలి మేకను కాలువ గట్టున తిప్పి తుమ్మకాయలు, ఆకులు మేపుతోంది. ఆమె మేక బాగుందంటే అందుకే.

చెక్క కడుపులో నిదానంగా అరుగుతుంది. పిండి అలా కాదు, పడీ పడగానే పులిసి ఆమ్లంగా మారుతుంది. రూమెన్ కదలిక ఆగిపోతుంది, ఆ పులుపు రక్తంలోకి ఎక్కుతుంది. మెదడుకు కావలసిన బి1 విటమిన్ కూడా తగ్గిపోతుంది. గోడకు తల నెట్టడం దానివల్లే, దయ్యం వల్ల కాదు. తాడు నమిలింది పీచు కోసం. సున్నం పులుపును విరుస్తుందని మేకకు తెలిసి నాకిందో, ఊరికే నాకిందో నేను చెప్పలేను.

పిండి మాన్పించి, సోడా ఉప్పు నీళ్లలో కలిపి తాగించాను. బి1 ఇంజెక్షన్ వేశాను. ఎండుగడ్డి తప్ప ఏదీ పెట్టొద్దన్నాను. ఇక చచ్చిపోయిన కడుపుకు మంచి సూక్ష్మజీవుల్ని అందించాలంటే ఆరోగ్యంగా ఉన్న మరో మేక రూమెన్‌లోని రసం కావాలి. అది దొరికేది కటికె దుకాణంలోనే. మర్నాడు మళ్లీ పోయి, బేరం ఆపమని ఆమె మొగుణ్ణి ఒప్పించి, తాడు పట్టుకొని వచ్చిన ఖాదరు సాబునే, అప్పుడే కోసిన మేకలోంచి ఆ రసం వెచ్చగా ఉండగానే తెచ్చిపెట్టమని అడిగాను.

"కోసేదానికి తోలుకొని పోదామని వస్తే, బతికించేదానికి నన్నే పిలుస్తాండావు గదా సాబ్," అని నవ్వి, తెచ్చి ఇచ్చాడు. గుడ్డలో వడకట్టి గొట్టంతో పోశాను. ఆ తర్వాతి రోజు మేక నెమరు వేసింది. గోడ జోలికి పోవడం మానింది, పిల్లను దగ్గరికి రానిచ్చింది. కొన్నాళ్లకు రోజూ పిడికెడు అసలైన హిండి మొదలుపెట్టించాను. టీ హోటలుకు మళ్లీ పాలు పోయాయి.

ఆ తర్వాత బసవరాజ, అసిస్టెంట్ డైరెక్టరు కలిసి తనిఖీకి వచ్చారు. మేక కొమ్ములకు నూనె రాసి ఉంది. హనుమక్క బసవరాజకు చేతులు జోడించింది.

"నువ్వు చెప్పింది చెప్పినట్ల పెట్టినాక బాగైంది సారూ. నాకే అర్థం కాల్యా. ఈ సూది సారు తెలుగులో చెప్పినాడు, అంతే."

బసవరాజ నా చెయ్యి పట్టుకొని, అందరి ముందూ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పాడు. అందులో వెటకారం ఏమైనా ఉంటే తిరిగి తిట్టుకోవడానికి వీలుండేది. లేదు. అది మరీ భరించరానిదిగా ఉండింది.

అప్పటినుంచి రిటైరయ్యే దాకా నేను మేత పేరు విని మందు రాయలేదు. తెచ్చి చేతిలో పెట్టమనేవాణ్ణి. ఊరు మారితే మాట మారుతుంది, మేక కడుపు మారదు. కొత్తగా చేరిన డాక్టర్లకు ఇది నా అనుభవసారమని చెబితే తలూపి రాసుకునేవాళ్లు. కానీ బసవరాజ తప్పు పట్టుకోవాలన్న కక్ష లేకపోతే ఆ రోజు నేను ఆ బేసిన్ అడిగేవాణ్ణి కాదు, మేక ఖాదరు సాబు వెంట పోయేది. అసూయ వల్ల ఎవరికీ మేలు జరగదని పెద్దలు చెబుతారు. హనుమక్క మేక విషయంలో ఆ మాట చెల్లదు.