బల్లల బాబాయి

ఎక్కడి బల్ల అక్కడే ఉంటే బాబాయికి ఊపిరాడదు. ఆ ప్రాంతీయ కార్యాలయంలో ఆయన హెడ్ గుమాస్తా, వయసును బట్టి అందరికీ బాబాయి. సోమవారం వచ్చిందంటే అందరికంటే ముందొచ్చి, అటెండరును కేకేసి, హాల్లో బల్లలన్నీ అటువి ఇటూ ఇటువి అటూ జరిపించేవాడు. తర్వాత వచ్చినవాళ్లు టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని, తప్పిపోయిన మేకల్ని వెతుక్కున్నట్టు బల్లల్ని వెతుక్కునేవారు.

"బాబాయిగారూ, నా బల్లేదండీ?" అని అడిగేది ఉత్తరాలు చూసే అమ్మాయి.

"బీరువా వెనకాల చూడమ్మా. చల్లగా ఉంటుంది."

"చల్లదనం సరే, నేనున్నట్టు జనానికెలా తెలుస్తుందండీ?"

"మధ్యమధ్య తుమ్ముతుండు."

చూపు సరిగా ఆనని పింఛనుదారు ఒకాయన, అలవాటైన చోటికి నేరుగా వెళ్లి, అక్కడున్న బీరువాకు నమస్కారం పెట్టి తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. అటెండరు పరుగెత్తుకొచ్చి సంగతి చెబితే, "పోనీలే నాయనా, మీకంటే ఓపిగ్గా వింది" అన్నాడాయన.

ఒక్కోసారి బాబాయి మనుషుల్నీ మార్చేవాడు. "ఈ వారం నువ్వు జీతాలు చూడమ్మా, అకౌంటెంటు ఉత్తరాలు చూస్తాడు." ఏ బల్ల దగ్గర కూర్చుంటే ఆ పని. సణుక్కుంటూనే అందరికీ అన్ని పనులూ వచ్చేశాయి.

ఇంతలో పిడుగులాంటి కబురొచ్చింది. ప్రాంతీయ కార్యాలయాల్లో సిబ్బంది ఎక్కువైపోయారట. ఉత్తరాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే వస్తున్నాయి కాబట్టి ఉత్తరాల సీటు ఎత్తేస్తారట. ఆ సీట్లో ఉన్న మనిషిని రాత్రంతా రైల్లో వెళితేగాని చేరలేని పెద్ద ఆఫీసుకు పంపేస్తారట. సోమవారం అధికారి వచ్చి పేరు రాసుకుంటాడట.

ఆ సీటు అమ్మాయిది. ఇంట్లో అత్తగారు మంచం దిగలేని మనిషి. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి ఆవిడకు నాలుగు ముద్దలు తినిపించి వస్తే తప్ప రోజు గడవదు.

బాబాయి మాత్రం గుమ్మం దగ్గర జానలతో నేల కొలుస్తున్నాడు.

"నా కొంప మునుగుతుంటే మీకు బల్లల గోలేమిటండీ!" అని మొదటిసారి కసిరింది.

"అవుననుకో. కాస్త ఆ కుర్చీ ఇటు జరుపు" అన్నాడాయన.

సోమవారం అమ్మాయి అత్తగారికి మందులిచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి, ఉత్తరాల బల్ల గుమ్మం ఎదురుగా ఉంది. దాని వెనక, చేతిలో ముద్రతో, బాబాయి!

"నువ్వెళ్లి నా బల్ల దగ్గర కూర్చోమ్మా" అని గడ్డంతో చూపించాడు.

అధికారి వచ్చాడు. "ఉత్తరాల సీటెవరిది?"

"నాదేనండి."

"మీరు హెడ్ గుమాస్తా కదా?"

"ఇక్కడ బల్లని బట్టి పనండి. కావాలంటే అడగండి."

అడిగాడు. ఉత్తరాలు చూశానని అకౌంటెంటు, జీతాలు రాశానని అమ్మాయి, రెండింటికీ బల్లలు మోశానని అటెండరు చెప్పారు. అధికారికి తల తిరిగి, ఎదురుగా కనిపిస్తున్న మనిషి పేరే రాసుకుని బయటపడ్డాడు.

"ఇదేం పని బాబాయిగారూ!" అంది అమ్మాయి.

"ఊరుకోమ్మా. మా మనవరాలు అక్కడే ఉంటోంది. దాని బొమ్మల గది సర్దేవాళ్లు లేరట పాపం."

ఆయన వెళ్లిపోయాక బల్లలు కదల్లేదు. అప్పుడు తెలిసింది. అకౌంటెంటుకూ చూపు మసకే, ఇప్పుడతని బల్ల మీద వెలుతురు పడటం లేదు. ఇన్నాళ్లూ కిటికీ వెలుతురు ఎటు తిరిగితే అటు ఆ బల్లను తిప్పింది బాబాయే. అమ్మాయి బల్లను బీరువా వెనక వేయించింది చల్లదనానికి కాదు, అక్కడున్న పెరటి తలుపు కోసం. అమ్మాయి ఇంటికి అదే దగ్గర దారి.

కొన్నాళ్లకు పెద్ద ఆఫీసు నుంచి ఫోన్. అమ్మాయే తీసింది.

"మీ హెడ్ గుమాస్తాను వెనక్కి పిలిపించుకోండమ్మా! మా డైరెక్టరుగారి బల్ల వరండాలో ఉంది. ఆయన్ని చూడ్డానికొచ్చినవాళ్లు కాంటీనులో వెతుకుతున్నారు!"

"అయ్యో, ఎలాగండీ? ఇక్కడ పోస్టు మీరే ఎత్తేశారుగా."

అవతల ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు.

"పోస్టు తిరిగిస్తాం తల్లీ! ముందు మనిషిని తీసుకెళ్లండి!"

అమ్మాయి ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, నవ్వుతూ అటెండరును పిలిచింది.

"ఆ చివర పట్టుకో. బాబాయిగారు వచ్చేసరికి బల్లలన్నీ తప్పు చోట ఉండాలి. లేకపోతే ఆయనకేం తోస్తుంది?"