పన్నీరు బుడ్డి కింద పెట్టిన పిల్ల

మొన్న శుక్రవారం మన తెలుగువాళ్ల వార్షికోత్సవానికి వెళ్లాను. వెళ్లాలని పెద్దగా మనసు లేదు. మోకాళ్లు నా మాట వినడం మానేసి చాన్నాళ్లయింది, పైగా ఈ గల్ఫులో మావారు ఉండటానికిచ్చిన ఇఖామా కాయితం గడువు తీరేలోగా రిగ్గైలో ఇల్లు ఖాళీ చేసి దేశానికి వెళ్లిపోవాలి కనుక ఇంట్లో ఎటు చూసినా సగం కట్టిన అట్టపెట్టెలే. అయినా ఇదే ఆఖరుసారి కదా అని బయల్దేరాను. హాలు గుమ్మం దగ్గర పట్టు పరికిణీల్లో ఆడపిల్లలు రెండు వరసలుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో పూల పళ్లేలు, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి. వెనక పెద్ద బ్యానరు మీద బంగారు రంగులో 'రేపటి నాయకురాళ్లు' అని రాసి ఉంది. ముఖ్య అతిథి ఇంకా రాలేదట. పిల్లలు బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మార్చుకుంటున్నారు. అది చూస్తే నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు, ఒళ్లంతా అలసట కమ్మింది.

మేం కొత్తగా వచ్చిన రోజుల్లో, మావారు షర్క్‌లో ఆఫీసుకు బస్సులో వెళ్లి వచ్చే కాలంలో, శుక్రవారం సెలవంటే మగవాళ్లకు పేకాట, మగపిల్లలకు ఇసుకలో క్రికెట్టు, ఆడపిల్లలకు వచ్చినవాళ్లకు టీలు అందివ్వడం. నాకు పిల్లలు లేరు కనుక ఊరి పిల్లలందరి గొడవా నాదే అనుకునేదాన్ని. చిన్నప్పుడు బళ్లో గైడ్స్ టీచరు దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు నమ్ముకుని, చుట్టుపక్కల తెలుగు ఆడపిల్లలను పోగేసి 'అక్కచెల్లెళ్ల దళం' అని మొదలుపెట్టాను. మా బిల్డింగు చూసుకునే హారిస్ మంచివాడు, బేస్‌మెంటులో ఒక గది తెరిచి ఇచ్చేవాడు. ముళ్లు వేయడం, కట్లు కట్టడం, నలుగురిలో నిలబడి మాట్లాడటం, ఇవే మా చదువులు. దళానికి ఒకటే గట్టి నియమం. లీడరు వారానికొకరు, వంతులవారీగా. లీడరు అందరూ తిన్నాక తినాలి, నడిచేటప్పుడు అందరికంటే వెనక నడవాలి, ఎవరికి నీరసం వచ్చినా ముందు చూడవలసింది తనే. ఆ వారం ఆమె మాటకు నేను కూడా ఎదురు చెప్పకూడదు.

దళంలో రాయచోటి వైపు పిల్ల ఒకతె ఉండేది. తండ్రి ఒక కంపెనీ గ్యారేజీలో మెకానిక్కు, తల్లి ఇంట్లో రవికలు కుట్టేది. పిల్ల మాట్లాడటం తక్కువ, మాట్లాడితే అచ్చం వాళ్లమ్మ యాసే, దానికి మిగతా పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్లు. సరిగ్గా వార్షికోత్సవం వారమే ఆ పిల్ల వంతు వచ్చింది. సంఘం కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, పెద్ద అతిథి వస్తున్నారు కదా, ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లను ముందు నిలబెడితే బాగుంటుందేమో అని మెత్తగా అన్నారు. వంతు వంతేనండీ అన్నాను నేను, అంతకంటే మెత్తగా. ఆయన ఆ పిల్ల తండ్రి పనిచేసే కంపెనీలోనే మేనేజరు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

ఆ రోజు భోజనాలవేళకు రావలసిన అతిథి గారు ట్రాఫిక్కులో ఉన్నారని, వస్తున్నారని, ఇదిగో వచ్చేశారని కబుర్లు వస్తూనే ఉన్నాయి గానీ ఆయన మాత్రం రాలేదు. లోపల పెద్దలు విస్తళ్ల ముందు కూర్చున్నారు. గుమ్మంలో పిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడే ఉన్నారు. అందరిలోకీ చిన్నది గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. రాయచోటి పిల్ల దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆ వారం మాట తనదే, నియమం నేను పెట్టిందేగా. అప్పుడా పిల్ల తన చేతిలోని పన్నీరు బుడ్డి మెట్టు మీద పెట్టింది.

"పళ్లేలు ఆడ పెట్టండి. అన్నం తిందురు రాండి," అంది.

అందరినీ తీసుకుపోయి వరసగా కూర్చోబెట్టి తనే వడ్డించింది. అతిథి గారు సరిగ్గా అప్పుడే దిగారు. ఆయనకు స్వాగతం చెప్పడానికి గుమ్మంలో పన్నీరు బుడ్డీ, కార్యదర్శి గారూ మాత్రమే ఉన్నారు. ఆ పిల్ల అప్పటికింకా ముద్ద ముట్టలేదు.

మర్నాడు తండ్రి, గ్యారేజీ నూనె మరకల బట్టలతోనే, పిల్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. "తెలీక చేసింది మేడమ్. సార్‌తో మీరన్నా ఒక మాట చెప్పండి. నా ఇఖామా కాయితాలు ఆయన చేతిలో ఉండాయి," అన్నాడు. పిల్ల తలెత్తి తండ్రిని చూసింది. "సారీ చెప్తాలే నాయనా. తప్పు చేసినానని మాత్రం చెప్పను," అంది. చెప్పినట్టే చేసింది. తండ్రి ఉద్యోగానికి ఏమీ కాలేదు. కార్యదర్శి గారు అంత చెడ్డవాడేం కాదు.

దళానికి మాత్రం దెబ్బ తగిలింది. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ మూసేయమనలేదు. తల్లులు ఒక్కొక్కరే, పరీక్షలయ్యాక పంపిస్తాం అక్కా అన్నారు. ఆ పరీక్షలు అవ్వనే లేదు. చివరికి ఆ బేస్‌మెంటులో నేనూ, రాయచోటి పిల్లా మిగిలాం. ఒక వారం తను లీడరు, ఒక వారం నేను. తర్వాత ఇంటరు చదువుకని తననూ ఊరికి పంపేశారు. ఇంక ఖలాస్. ఆ గదిలో పాత మంచాలు పడేశారు. ఇప్పుడా పిల్ల హైదరాబాదులో పెద్ద నర్సు అని ఎవరో చెప్పారు. తన వార్డులో మిగతావాళ్లు తిని వచ్చాకే తను తింటుందని నేనైతే గట్టిగా నమ్ముతున్నాను. మళ్లీ దళం పెడదామని ఎన్నోసార్లు అనుకున్నాను, అడిగాను, తిరిగాను. అడిగి అడిగి నాకే విసుగొచ్చింది.

మొన్న గుమ్మంలో ఇదంతా తలుచుకుంటూ పిల్లల దగ్గరికి వెళ్లాను. "కూర్చోండమ్మా, వాళ్లు వచ్చాక లేవొచ్చు," అన్నాను. ఎవరూ కూర్చోలేదు. మంచి పిల్లలు, మర్యాదగా నవ్వారు. మైకు పట్టుకుంటే వీళ్లకు గొంతు వణకదు, మా పిల్లలకు మాట పెగిలేది కాదు. ఆ మార్పు చూసి నిజంగా సంతోషిస్తాను. కానీ కాళ్లు నొప్పెడితే కూర్చోవచ్చని మాత్రం వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందరిలోకీ చిన్నది నా కొంగు పట్టుకుని లాగింది.

"ఎవర్ని అడగాలి ఆంటీ?" అంది.

దాని చేతిలోంచి పన్నీరు బుడ్డి తీసుకున్నాను. అది మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంది. దాని చోట్లో నేను నిలబడ్డాను. అతిథి గారు ఇంకా రాలేదు.