మనిషినీ తగ్గిస్తుంది

మైకు కుయ్యిమని అరిచింది. ముందు వరసలో వాళ్ళందరూ చెవులు మూసుకున్నారు. మొన్న రాజమహేంద్రవరంలో ఓ కాలేజీవాళ్ళు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మంటే వెళ్ళాను. ‘అందరికీ ఉచిత వైద్యం ప్రభుత్వ బాధ్యతా, కాదా?’ అన్నది విషయం. ‘కాదు’ అన్న పక్షాన మాట్లాడిన పిల్ల ఒకతి, రెండు జడలు, కంచులాంటి గొంతు, చివర్లో సభనంతా కలియజూసి, “ఊరికే వచ్చిన మందు రోగాన్నీ తగ్గిస్తుంది...” అని ఆగింది. ఆ తరువాత ఏం వస్తుందో నాకు తెలుసు. “మనిషినీ తగ్గిస్తుంది!” అందా పిల్ల. హాలంతా చప్పట్లు. ఇరవై ఏళ్ళ కిందట అదే మాట నేనన్నాను, అక్కడే ఆగాను. ఆ మాట రాసిచ్చిందీ, అక్కడ ఆగమన్నదీ మా ప్రకాశరావు మాస్టారు. రిటైరయ్యాక ఆయన తన ఉపన్యాసాలన్నీ పుస్తకంగా వేయించారని విన్నాను. పిల్లలు ఇంకా దాన్నే బట్టీ పడుతున్నారన్నమాట!

మాస్టారు మా డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. పిల్లలు మాట్లాడేటప్పుడు సమయం చూడ్డానికి ఓ పాత సైకిలు బెల్లు ఊడబీకి బల్ల మీద పెట్టుకునేవారు. నేను కోరుకొండ వైపు పల్లెటూరి పిల్లని. మా నాన్న రైసు మిల్లులో బస్తాలు మోసే జట్టు కూలీ. క్లాసులో లేచి నిలబడితే నా నోట్లోంచి గాలే తప్ప మాట వచ్చేది కాదు. అలాంటిదాన్ని, నాతోపాటు మరో నలుగుర్ని, గోదావరి గట్టుకి తీసుకెళ్ళి మెట్ల మీద నిలబెట్టి, తాను దూరంగా వెళ్ళి కూర్చునేవారు. “వంతెన మీద రైలు పోతున్నా సరే, నీ మాట నాకు వినబడాలమ్మాయ్” అనేవారు. ఆర్నెల్లు తిరిగేసరికి వినబడింది. ఇవాళ నేను పాఠాలు చెప్పుకుని నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ గొంతు పుణ్యమే. కాదంటే కళ్ళు పోతాయి. ఆయన ఉత్త వెధవాయి అయ్యుంటే ఎప్పుడో తిట్టి మరిచిపోయేదాన్ని. నా ఖర్మ, ఆయన మంచి గురువు.

ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో మాస్టారు చీటీలు తీయించేవారు. ఆ ఏడు నాకు ‘ప్రతికూలం’ వచ్చింది.

“మాస్టారూ, మా ఇంటిల్లిపాదీ గవర్నమెంటాసుపత్రికే వెళ్తామండి. అది వద్దని నేనెలా అంటానండి?” అన్నాను.

“నమ్మమని ఎవరన్నారమ్మాయ్? గెలవమన్నాను.” ఆయన నవ్వి, వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చారు. “ఊరికే దొరికేదానికి విలువుండదు. తలనొప్పికీ జనం ఎగబడతారు, నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడు వెనకబడిపోతాడు. ఒకడి పన్నుతో ఇంకొకడికి వైద్యమేమిటి? కూలి పెంచు, మందు వాడే కొనుక్కుంటాడు. ఇది ధర్మమా, అది ధర్మమా?”

వింటుంటే ఔననిపించింది. అదీ ఆయన తెలివి. దేన్నయినా ఔననిపించగలరు.

పోటీ రోజున నాన్న వచ్చాడు. పెళ్ళిళ్ళకి దాచుకున్న తెల్లచొక్కా తొడుక్కుని ఆఖరి వరసలో, కుర్చీ అంచున కూర్చున్నాడు. నాకు ఎదురుపక్షం గ్రేసు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఆయా. “రోగం రేషను కార్డు చూసి రాదండి” అని మొదలుపెట్టింది. “క్యూ పెద్దదని వెక్కిరిస్తున్నారు. మందు కొనలేక ఇంట్లోనే మూలుగుతూ పడుకున్నవాళ్ళ క్యూ మీకు కనబడదండి. మా అమ్మమ్మ...” అంటుండగా గొంతు పట్టేసింది. మాటకోసం వెతుక్కుంటూండగానే సైకిలు బెల్లు మోగింది, కూర్చుంది. నేను లేచాను. నాకు గొంతు పట్టలేదు. కప్పు నాకే వచ్చింది. అందరూ చప్పట్లాపేశాక కూడా వెనకనించి ఒక్కడు కొడుతూనే ఉన్నాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో నాన్న, “ఏం మాటన్నావే అమ్మలూ! ఏదీ, మళ్ళీ ఓసారి అను” అన్నాడు. అన్నాను. తనూ అనుకున్నాడు, అక్కడే ఆగి. అది నా మాట కాదు నాన్నా, చీటీలో వచ్చింది అని అప్పుడే చెప్పాల్సింది. ఆ సంతోషం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గులేకుండా ఇంకోసారి కూడా అని వినిపించాను.

ఇంకేముంది! మిల్లులో అదే మాట, టీ కొట్టు దగ్గర అదే మాట. ఎవరైనా గవర్నమెంటాసుపత్రి చీటీ పట్టుకుని కనబడితే చాలు, ఆపి మరీ చెప్పేవాడు. మరుసటేడు మిల్లులో ఆయన కాల్లో మేకు దిగింది. అసలే సుగరు మనిషి. పుండు పడింది. ఆసుపత్రికి పోదాం రమ్మన్నాను.

“ఛ! అంత సభలో ఆ మాట అని కప్పు తెచ్చుకున్నావు. నేనెళ్ళి ఊరికే మందుకి చెయ్యి చాపితే నీ పరువేం కావాలి?”

“అది ఉత్తదే నాన్నా! పోటీ కోసం చెప్పింది. మాస్టారు రాసిచ్చారు.”

“ఊరుకోవే. మనసులో లేకుండా ఎవరన్నా అలా మాట్లాడగలరా? నీ మొహం చూశానుగా!”

కాళ్ళావేళ్ళా పడ్డాను. అమ్మ ఏడ్చింది. ఆయన వినలేదు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరే కట్టు కట్టించుకుంటూ, డబ్బిచ్చి మరీ వైద్యం చేయించుకుంటున్నానని మీసం దువ్వుకుంటూ తిరిగాడు. చివరికి ఒళ్ళు తెలియని జ్వరం వస్తే ఆటోలో పడేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ మంచానికి ఇద్దరు. నర్సు ఒకమ్మ ఆ చివరినించి ఈ చివరికి పరిగెడుతోంది. ప్రతికూలంగా నేను చెప్పినవన్నీ అబద్ధాలేం కావు, కళ్ళారా చూశాను. కానీ ఆ రద్దీలోనే ఓ కుర్ర డాక్టరమ్మ నేల మీద కూర్చుని ఆ కంపు కొడుతున్న కట్టు తన చేత్తో విప్పింది. “మూడు వారాలు ముందు తీసుకొస్తే కాలు నిలిచేదండి. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?” అని అడిగింది.

మోకాలి కిందకి తీసేశారు. తెలివొచ్చాక నాన్న దుప్పటి వైపు చూసుకుని, నా వైపు చూసి నవ్వాడు. “నువ్వన్నది నిజమేనే అమ్మలూ. మనిషిని తగ్గించేశారు.”

ఆయన హాస్యానికే అన్నాడు. నన్ను దెప్పడం ఆయనకి చేతకాదు. అదే దెప్పుంటే బాగుండేది.

ఆ వారమే మాస్టారి ఇంటికి వెళ్ళాను, కడిగేద్దామనే వెళ్ళాను. ఆయన పడక్కుర్చీలో నీరసంగా ఉన్నారు. గుండెకి ఆపరేషనయి వచ్చారట. నన్ను చూసి లేవబోయారు. జరిగింది చెప్పాను.

“చర్చలో మాట చర్చలోనే వదిలెయ్యాలమ్మాయ్. మీ నాన్నకి చెప్పలేదా?” అన్నారు.

“మీరు మీ ఆపరేషను కొనుక్కున్నారాండి?” అన్నాను.

“మాకు ప్రభుత్వమే ఇస్తుంది కదమ్మా, ఉద్యోగులకి...” అని ఆగిపోయారు. ఆయన మాట మధ్యలో ఆగడం నేను చూసింది అదొక్కసారే. లోపల్నించి వాళ్ళావిడ కాఫీ తెస్తే తాగకుండానే వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నాన్న పోయినప్పుడు ఆయన కబురు చేశారు, జవాబివ్వలేదు. ఆయన పోయినప్పుడు చూడ్డానికీ వెళ్ళలేదు. ఇదంతా రాస్తున్నా ఆ మంట చల్లారలేదు. ఎవరి మీదో ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

మొన్న ఆ పిల్లకే మొదటి బహుమతి ఇచ్చాను. ఏం చెయ్యను, అందరికన్నా బాగా మాట్లాడింది. సభ అయ్యాక దగ్గరికి పిలిచి, మీవాళ్ళెవరైనా వచ్చారా అని అడిగాను. “మా అమ్మండి, అదిగోనండి, వెనకాల” అంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనట, చేతులు జీడి రసానికి నల్లబడిపోయి ఉన్నాయి. నేనే ఆమె దగ్గరికి వెళ్ళాను.

“ఏమ్మా, మీ అమ్మాయి చెప్పింది పోటీ కోసమమ్మా. తనకి అలా చెప్పమని చీటీ వచ్చింది. ఒంట్లో బాగోకపోతే మీరు గవర్నమెంటాసుపత్రికి తప్పకుండా వెళ్ళాలి.”

“అయ్యో, ఆ మాత్రం తెలీదాండీ! మేమెప్పుడూ అక్కడికేగా ఎళ్ళేది” అందామె నవ్వుతూ.

హమ్మయ్య అనుకున్నాను. వెళ్ళబోతుంటే ఆమె కూతురి చేతిలో కప్పు అందుకుని, పైటచెంగుతో తుడిచి, నాతో గొంతు తగ్గించి అంది.

“అయినా ఏం మాటందండీ! ఊరికే వచ్చిన మందు రోగాన్నీ తగ్గిస్తుంది...”

అని, సరిగ్గా అక్కడే ఆగింది.