అచ్చు మార్చిన సారు, ఫోనులో తమ్ముడి నిఖా

మొన్న శుక్రవారం బతా బజారులో మెస్సు ముందు భోజనానికి నిలబడి ఉంటే, మా తమ్ముడి కూతురు తన పెళ్లిపత్రికను ఫోనుకు పంపింది. బంగారు అంచు, పూలు, పక్కపక్కనే ఇద్దరి ఫొటోలకు రెండు గూళ్లు. ఎవరు గీశారమ్మా అని అడిగితే, "గీసేదేముంది పెద్దనాయనా, టెంప్లేట్ ఉంటాది, పేర్లు మార్చుకుంటే సరి" అంది. నాకు ఆకలి చచ్చిపోయింది. పిల్ల తప్పేమీ లేదు, ఆ మాటతోనే నాకు పాత పగ ఉంది.

ఏడో తరగతితో బడికి సలాం కొట్టి ఈ అరబ్బు దేశం వచ్చి టెలిఫోను కేబుల్ పనిలో పడ్డవాణ్ణి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో వీధి మూలన నిలబెట్టిన టెలిఫోను పెట్టెలో ఏ తీగ ఎటు పోతుందో, సర్దినవాడే ఒక కాగితం మీద గీసి తలుపు లోపల అంటించేవాడు, అది కోడి కాలితో గీరినట్టున్నా మనకు అర్థమయ్యేది. తర్వాత కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. అందులో పెట్టె బొమ్మను ఒక్కసారి అచ్చుగా, అదే టెంప్లేట్‌గా, గీసిపెడితే చాలు, అన్ని ఊళ్లకూ అదే వాడుకోవచ్చు, అచ్చులో ఒక గీత జరిపితే దాని నుంచి తీసిన బొమ్మలన్నిటిలోనూ జరుగుతుంది. మంచి వస్తువే, కాదనను. కత్తిపీట కూడా మంచి వస్తువే.

అది మా ఇంజినీరు సారు చేతిలో పడింది. కోస్తా మనిషి, మెత్తగా మీరు గారు అంటూనే గొంతు కోసేవాడు. బొమ్మకూ పెట్టెకూ తేడా వస్తే ఆయన తెర మీద ఎర్రగా కనిపించేది, ఎరుపు పోయేదాకా సెలవు కాగితం మీద సంతకం పెట్టేవాడు కాదు.

సరిగ్గా అప్పుడే, నాతోపాటు అదే కంపెనీలో పనిచేసే మా తమ్ముడికి ప్రొద్దుటూరులో నిఖా కుదిరింది. మదీనా పెట్టెలన్నీ ఇద్దరం సర్ది పచ్చగా చేశాం, దూరాన నజ్రాన్ ఊళ్లో ఒక్కటి మిగిలింది. అక్కడ గోడ అడ్డమొచ్చి తీగలు ఎడమ వైపు నుంచే రావాలి. దానికి వేరే అచ్చు చేయాలంటే సారు పైవాళ్లను అడగాలి, అడిగితే ఒక్క అచ్చుతో దేశమంతా నడిపిస్తానన్న గొప్ప పోతుంది. అందుకని ఉన్న అచ్చునే మార్చేశాడు. నజ్రాన్ పచ్చబడింది, మదీనా మొత్తం ఎర్రబడింది.

పాత అచ్చు పెట్టెయ్యండి సార్ అని ఇద్దరం వెళ్లి నిలబడ్డాం. "పైన ఓకే అయిపోయిందండి. మీరే వెళ్లి మదీనా పెట్టెలు మార్చేయండి, మీకెంతలో పని" అన్నాడు. "రేపు బొమ్మలో మీకు కొమ్ములు గీస్తే మొలిపించుకుంటారా సార్" అన్నాను. గదిలో అందరూ నవ్వారు, తమ్ముడు నవ్వలేదు. వాడి పెళ్లి సంగతి ఎత్తితే, "తేదీ జరుపుకోవచ్చు కదండీ" అని తెర వైపు తిరిగిపోయాడు.

తేదీ జరగలేదు. మదీనాలో ఒక వీధి మూల, బాగున్న తీగలను పీకి రెండో వైపుకు మారుస్తుంటే ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. ఖాజీ అడిగాడు, మా తమ్ముడు దుమ్ము చేతులతో ఫోను పట్టుకుని కబూల్ అన్నాడు. ఇటు సాక్షులం నేనూ, మా పాకిస్తానీ డ్రైవరూ. ఆయనే పరుగున పోయి ఖర్జూరాలు తెచ్చి దారిన పోయేవాళ్లకు కూడా పంచాడు. "మదీనాలో నిఖా, నీ నసీబు నాయనా" అని అవతల మా అమ్మ ఏడ్చింది. "అవునుమా" అని వాడు మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

సారు పెద్ద మేనేజరై వెళ్లిపోయాడు. ఆయన్ని క్షమించానని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఇప్పుడు సెలవు ఫోనులో నొక్కితే వస్తుంది, రాకపోతే ఆ సంగతీ ఫోనే చెబుతుంది, కొమ్ముల మాట అనడానికి ఎదురుగా ఒక మొహమైనా ఉండదు. పెట్టె తలుపు తెరిస్తే ఎవడి చేతిరాతా కనపడదు.

మెస్సులో కూర్చున్నాక పిల్ల మళ్లీ రాసింది. ఆ టెంప్లేట్‌తోనే వాళ్ల అమ్మానాయనల పెళ్లికీ ఒక పత్రిక చేస్తుందట, పెళ్లి ఫొటో అమ్మ ఎక్కడో దాచేసిందట, నా దగ్గరున్నది పంపమంది. ఉంది. అందులో మా మరదలు పూలు పెట్టుకుని తల వంచుకుని ఉంటుంది, పక్కన ఒక కుర్చీ, కుర్చీ మీద ఫోను.

పత్రికలో గూళ్లు రెండు. ఇంకా పంపలేదు.