లాడ్జి వరండాలో జంపఖానా

మా ఇంట్లో మధ్యాహ్నం పూట ఒక వెలుగు దిగేది. మగ్గం ఉన్న గదిలో పైకప్పు పెంక ఒకటి పక్కకు జరిగిపోయింది. దాన్ని సరిచెయ్యమని అమ్మ ఏళ్ళ తరబడి పోరుపెట్టింది, బాపు ఏళ్ళ తరబడి రేపన్నాడు. ఆ సందులోంచి ఎండ ఏటవాలుగా జారి, గాలిలో తేలే నూలు దుమ్మును వెలిగించేది. సినిమా హాల్లో మన తలల మీదుగా తెర మీదికి పోయే వెలుగు కూడా అచ్చం అలాగే ఉంటుంది. అందులోనూ దుమ్మే ఆడుతుంది. ఆ సంగతి నేను చాలా చిన్నప్పుడే కనిపెట్టాను. అప్పటి నుంచి ఆ వెలుగు నాదే అయింది.

మాది వరంగల్లు కొత్తవాడ. బాపు జంపఖానాలు నేసేవాడు. దువ్వెన పళ్ళలాంటి ఇనుప పంజాతో పోగును కిందికి దిగ్గొట్టే చప్పుడు పొద్దుటి నుంచి దీపాలు పెట్టే దాకా ఇంట్లో మోగుతూనే ఉండేది. అమ్మ గడప దగ్గర కూర్చుని కండెలు చుట్టేది. నేను వాళ్ళిద్దరి మధ్య, ఎండలో నిలబడి, రాణిని అయ్యేదాన్ని, పిచ్చిదాన్ని అయ్యేదాన్ని, పాము కరిచి చచ్చిపోయి మళ్ళీ లేచేదాన్ని. బాపు తల తిప్పేవాడు కాదు. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగా లేదని అర్థం. అందుకని నేనెన్ని చావులు చచ్చినా అది ఆగలేదు. నాకు ముక్కు మీద కోపం. బాపు చూడటం లేదని అలిగి అన్నం మానేసిన రోజులు కూడా ఉన్నాయి. నేనెందుకు అలిగానో కూడా ఆయనకు తెలిసేది కాదు, అది ఇంకా మంట.

ఎనభైల మొదట్లో, నేను కాలేజీలో చేరిన కొత్తలో, సినిమా వారపత్రికలో ఒక ప్రకటన వచ్చింది. కొత్త ముఖాలు కావాలి, నిలువెత్తు ఫోటో పంపండి అని. దాన్ని నాకంటే ముందు చూసింది అమ్మే. మ్యాట్నీకి పోతే మొదటి పేర్ల నుంచి చివరి దాకా కళ్ళార్పని మనిషి మా అమ్మ. "ఏమైతదే, ఒకపారి పంపి చూద్దాం" అంది. ఇద్దరం కలిసి ఫోటో స్టూడియోకు పోయాం. అక్కడ గోడకు వేలాడే పరదా మీద గీసిన ఒక చెరువు, చెరువు వెనక నీలం గుట్టలు, ముందు సున్నం కొట్టిన చెక్క స్తంభం. స్తంభం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. దీపాల వేడికి పౌడరు కారిపోతుంటే కూడా, ఆ బొమ్మ చెరువు మీద నుంచి చల్లటి గాలి వీస్తున్నట్టే అనిపించింది.

ఫోటో పోయింది. తర్వాతి రోజులన్నీ మబ్బుల్లో గడిచాయి. పోస్టుమన్ సైకిలు గంట వినిపిస్తే చాలు, చేతిలో చెంబు ఎక్కడ పెట్టానో తెలిసేది కాదు. రాత్రి పడుకుంటే మద్రాసు కనిపించేది. నేనెప్పుడూ చూడని ఊరు కాబట్టి అది మా స్టూడియో పరదాలాగే ఉండేది, చెరువు, నీలం గుట్టలు, మధ్యలో నేను.

చివరికి జవాబు వచ్చింది. ఆదివారం పొద్దున స్టేషన్ దగ్గర ఫలానా లాడ్జికి రావాలి, పరీక్ష తీసుకుంటారు, అమ్మాయి ఒంటరిగా వస్తే బిడియం లేకుండా నటిస్తుంది అని రాశారు. నాకు ఆ చివరి మాటే నచ్చింది. నన్ను పెద్దదాన్ని చేసిన మాట అది. చదివి వినిపిస్తే బాపు పంజా కొడుతూనే విన్నాడు.

"మేం గూడ వస్తం" అన్నాడు.

"నన్ను ఒక్కదాన్నే రమ్మన్నరు బాపూ."

"వాళ్ళు రమ్మంటరు. పంపేది మనం గద బిడ్డా."

నాకు ఒళ్ళు మండింది. ఏడిస్తే అమ్మ కరుగుతుంది కాబట్టి ఏడ్చాను. అమ్మ కరగలేదు. అంతటితో పోలేదు, పక్కింట్లో ఉండే మా పెద్దమ్మ, బాపు వదినె, గోడ మీద నుంచి తల పెట్టింది. "అమ్మ, అయ్య, పిల్ల, ముగ్గురైతరు. మంచి పనికి ముగ్గురు పోతరా ఎవరన్న? నేను గూడ వస్త" అంది. మా వాడలో ఎవరూ ముగ్గురుగా శుభకార్యానికి బయలుదేరరు. పెళ్ళిచూపులకైనా, కొత్త షావుకారు దగ్గరికైనా నాలుగో మనిషిని వెతికి తీసుకుపోతారు. బతుకమ్మ ఆడేటప్పుడు వాడంతటికీ పాట అందించే గొంతు పెద్దమ్మది. ఆమె గుసగుసగా మాట్లాడితే వీధి చివర వినపడేది. నా సినిమా బతుకు ఆమె గొంతుతో మొదలవుతుందని తలచుకుని మొహం మాడ్చుకున్నాను.

ఇంకా ఉంది. ఆదివారం బయలుదేరే వేళకు బాపు భుజం మీద ఒక జంపఖానా చుట్ట ఉంది. మగ్గం మీద నుంచి అప్పుడే దించినది, ఎరుపు, పసుపు చారలది, రంగు వాసన ఇంకా పోలేదు.

"అదెందుకు బాపూ?"

"కొత్త మనుషుల తానికి పోతానం. ఏం పని చేసెటోళ్ళ పిల్ల అని అడగరా? చూపిద్దాం."

నేసేవాళ్ళ పద్ధతి అది. కొత్త వ్యాపారి దగ్గరికి ఉత్త చేతులతో పోరు, ఇంట్లో ఉన్న మంచి నేతను పట్టుకుపోతారు. సినిమా వాళ్ళు కూడా అదే అడుగుతారని బాపు మనస్ఫూర్తిగా నమ్మాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. రిక్షాలో అమ్మ, నేను, పెద్దమ్మ కూర్చున్నాం. బాపు జంపఖానా మోసుకుంటూ వెనకాల నడిచాడు. నేను ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

లాడ్జి కింద పొడుగు వరండా. రైలు కోసం, బస్సు కోసం చూసేవాళ్ళు, చాయ్ తాగేవాళ్ళు, మూటల మీద కునుకు తీసేవాళ్ళు. మేడ మీది నుంచి తెల్ల బూట్లు వేసుకున్న ఒకాయన దిగాడు. మమ్మల్ని నలుగురినీ చూసి కొంచెం ఆగాడు.

"అమ్మాయిని పైకి పంపండి. మీరు ఇక్కడే కూర్చోండి. పెద్దవాళ్ళ ముందు పిల్లలు ఫ్రీగా యాక్ట్ చేయలేరండీ."

ఎంత మర్యాదగా అన్నాడో. నేను నిజంగానే మెట్టు మీద కాలు పెట్టాను. పెద్దమ్మ నా జడ పట్టుకుంది. పట్టుకుని, ఇంకో చేత్తో బాపు భుజం మీది చుట్టను లాగి, వరండాలో, అందరి మధ్య, జంపఖానాను పరిచేసింది.

"గియాల్ల మేం సూడంగ చెయ్యలేనిది, రేపు సినిమాల లోకమంత సూడంగ ఏం చేస్తది సారూ? గీడనే చెయ్యమను. మేం గూడ సూస్తం."

చాయ్ తాగేవాళ్ళు తిరిగి చూశారు. మూటల మీది కునుకులు లేచాయి. ఆయన ఏదో అనబోయి, చుట్టూ చూసి, కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. నేను చెప్పులు విడిచి ఎర్ర చారల మీద నిలబడ్డాను.

బడిలో పిల్లల పండుగ నాడు నేనే కల్పించుకుని వేసిన వేషం ఒకటుంది. తప్పిపోయిన బర్రెను వెతికే ముసలమ్మ. అదే మొదలుపెట్టాను. మొదట పాఠం అప్పజెప్పినట్టు పలికాను. తర్వాత చెప్పుల్లేని నా పాదాల కింద ఆ నేత గరుకు తగిలింది. మా మగ్గం గదిలో ఉన్నానా అనిపించింది. వరండా పోయింది, తెల్ల బూట్లు పోయాయి. పొద్దుగూకుతున్న పొలం గట్టు మీద నడుం వంచి నడుస్తున్నాను. దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాను. కొట్టినందుకు బతిమాలుకుంటున్నాను. ఇంటికి రా, కుడితి కలిపి పెట్టాను, చీకటి పడుతున్నది రా అని అరిస్తే ఆ అరుపు నా కడుపులో ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. చివర మోకాళ్ళ మీద కూలబడి, దూరంగా ఏదో గంట చప్పుడు విన్నట్టు తల ఎత్తి, అలాగే ఉండిపోయాను.

తొర్రూరు బస్సు కోసం కూర్చున్న ఒక అవ్వ గంప పక్కకు జరిపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "దొరికిందా బిడ్డా నీ బర్రె?" అంది.

నా బతుకులో నాకు దొరికిన మొదటి బహుమతి అదే. అంతకంటే పెద్దది తర్వాత కూడా ఏదీ రాలేదు.

తెల్ల బూట్ల ఆయన లేచాడు. "బావుంది, బావుంది. ఇప్పుడు అమ్మాయి ఒక్కతే పైకి వస్తే మేకప్ టెస్టు చేస్తాం" అన్నాడు. అప్పుడు బాపు చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, తెలిసినవాళ్ళను అడిగినట్టు అడిగాడు.

"సార్, నాకు సమజ్ గాలె. ఆఖర్ల గా బర్రె దొరికినట్టా, దొరకనట్టా?"

ఆయన బాపు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఏ బర్రె అండీ?"

వరండా అంతా గొల్లున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను గొంతు చించుకుని పిలిచినంతసేపూ ఆయన వినలేదు. మెట్ల వైపు చూస్తున్నాడు, నా వైపు చూసినప్పుడు కూడా నటన తప్ప మిగిలినదంతా చూశాడు. బాపు పరీక్ష పెట్టాలని అడగలేదు, నిజంగా తెలియకే అడిగాడు. కానీ ఆయన ముఖం చూశాక బాపుకు తెలియాల్సింది తెలిసింది. వంగి జంపఖానాను చుట్టడం మొదలుపెట్టాడు.

"మా పిల్ల ఫోటో మాకియ్యి" అంది అమ్మ.

"అది మద్రాసులో ఉందండీ."

"అయితే మద్రాసు నుంచి వచ్చేదాక గీడనే కూసుంటం" అని పెద్దమ్మ సగం చుట్టిన జంపఖానా మీద కూర్చుంది. చాయ్ తాగేవాళ్ళు ఇద్దరు ముగ్గురు గ్లాసులు కింద పెట్టి దగ్గరికి వచ్చారు. ఆయన గబగబా పైకి పోయి ఒక కట్ట తెచ్చాడు. మా ముందే వెతికాడు. అన్నీ అమ్మాయిల ఫోటోలే. కొందరి వెనక వేరే వేరే పరదాలు, చాలామంది వెనక మా చెరువే, మా నీలం గుట్టలే. అదే స్తంభం మీద అందరూ నాలాగే చెయ్యి పెట్టి, నాలాగే గడ్డం ఎత్తి నవ్వుతున్నారు. నా చెరువు నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళు. వాళ్ళలో ఎవరు ఆ మెట్లు ఎక్కారో, ఎవరి వెంట ఎవరు వచ్చారో నాకు తెలియదు. ఆ ముఖాలు ఇప్పటికీ నిద్రలోకి వస్తాయి. "గవి గూడ ఇయ్యి" అని పెద్దమ్మ చెయ్యి చాపింది. నాది విసిరేసి, మిగతావి చంకలో పెట్టుకుని ఆయన పైకి వెళ్ళిపోయాడు.

దారిలోనే అమ్మ స్టూడియో ఆయనకు జరిగిందంతా చెప్పింది. ఆ తర్వాత నిలువెత్తు ఫోటో అడిగిన ప్రతి ఆడపిల్లనూ ఆయన దీపం వెలిగించే ముందు "ఎవరితోని పోతానవ్ బిడ్డా?" అని అడిగేవాడని విన్నాను.

నేను సినిమాల్లోకి పోలేదు. నాటకాలు వేశాను, చాలా వేశాను. ఈమధ్య మా పెద్దమ్మ మునిమనవరాలు ఫోన్ పట్టుకొచ్చి చూపించింది. నటులను వెతికే సైటట, అందులో ఫోటో పెడితే వాళ్ళే పిలుస్తారట. ఆమె ముఖంలో ఆ పరదా చెరువు మీది గాలే కనిపించింది నాకు. వద్దని ఎలా అంటాను? "పెట్టు. ఇంటి అడ్రసు మాత్రం పెట్టకు. ఎవరు పిలిచినా నాకు చెప్పు, నేను వస్త. ఇంకిద్దరిని గూడ తీసుకొస్త" అన్నాను. "అమ్మమ్మా, ఆడిషన్‌కు నలుగురా!" అని నెత్తి కొట్టుకుంది. కొట్టుకోనీ. నేనూ కొట్టుకున్నాను.

ఆ ఆదివారం ఇంటికి వచ్చి నేను ముసుగు తన్ని పడుకున్నాను. కల చెదిరిందని ఏడ్చానో, ఆ కట్టలోని వాళ్ళ కోసం ఏడ్చానో చెప్పలేను. మర్నాడు మధ్యాహ్నం మగ్గం గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. పంజా చప్పుడు మామూలుగానే మోగుతోంది. పెంక సందులోంచి ఎండ దిగింది, నూలు దుమ్ము తేలుతోంది. ఇక ఆ వెలుగులో నిలబడేది లేదని మనసులో అనుకుంటున్నాను.

చప్పుడు ఆగింది.

బాపు పంజాను పక్కన పెట్టి, మగ్గం మీద నుంచి పూర్తిగా ఇటు తిరిగి కూర్చున్నాడు.

"నాకు ఇంకా సమజ్ గాలె బిడ్డా. గా బర్రె దొరికిందా, దొరకలేదా? మల్లొకపారి చేసి చూపియ్యి."

వంటింట్లోంచి అమ్మ కంగారుగా కేకేసింది, "ఏమైందయ్యా? మగ్గం ఆగిందేంది? ఒంట్ల మంచిగ లేదా?"

"నాకేం గాలె. బిడ్డ యాక్టింగ్ చేస్తాంది. నువ్వు గూడ రా, సూద్దువు" అన్నాడు బాపు.

అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను లేచి వెలుగులోకి నడిచాను.