లావంతా నాదే

మా తాతయ్యకు ఒంట్లో ఏ జబ్బూ లేదు గానీ, తాను చాలా లావుగా ఉన్నానన్న నమ్మకం మాత్రం ఉంది.

చూస్తే చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్టు ఉంటాడు. పక్కకు తిరిగితే మనిషెక్కడున్నాడో వెతుక్కోవాలి. అయినా బస్సెక్కితే సీటు కొస మీద సర్దుకుని కూర్చుని, పక్క మనిషితో ఎంతో బాధగా, "ఏమనుకోకు బాబూ, నా శరీరం ఇంతే. ఇరుకుగా ఉంటే చెప్పు, లేచి నిలబడతాను" అంటాడు. ఆ మనిషి తనకూ తాతయ్యకూ మధ్యనున్న ఖాళీ వైపు చూస్తాడు. అందులో ఇంకొకళ్లు హాయిగా కూర్చోవచ్చు. కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి.

దర్జీకి ఆయన పేరు చెబితే చెమటలు పట్టేవి.

"పెద్దాయనా, మీరు చెప్పిన కొలతకు కుడితే ఈ చొక్కాలో మీతోపాటు ఇంకెవరుంటారు?"

"నేనే ఉంటాను."

"మరి మిగతా జాగాలో?"

"అక్కడా నేనే. పైకి తెలీదు గానీ మనిషిని భారీ."

పేము కుర్చీలు బాగుచేయడం ఆయన పని. తెగిన అల్లిక విప్పేసి, పేము బద్దలు నీళ్లలో నానబెట్టి, కుర్చీని కాళ్ల మధ్య ఇరికించుకుని, పళ్లు బిగబట్టి లాగి అల్లేవాడు. ఒకసారి కాస్త ఒళ్లున్న పంతులమ్మ కుంగిపోయిన కుర్చీ తెచ్చి, "మొన్ననేగా అల్లించాను, ఎలా కుంగిందో ఏమో" అని నేల చూపులు చూసింది. తాతయ్య నాలిక కరుచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. మీకిచ్చే ముందు గట్టిగా ఉందో లేదోనని నేనే కూర్చుని చూశాను. నా బరువు తెలిసీ కూర్చోవడమేమిటి, బుద్ధి లేకపోతే సరి!" పంతులమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, వీధి మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూనే పోయింది.

ఇలాంటి మనిషి ఓ రోజు ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పేము చుట్ట పట్టుకుని కొడుకు ఇంట్లో దిగాడు. కొడుకు మాత్రం ఇంట్లో లేడు. వంతెనలు కట్టే పని అతనిది. పాప పుట్టినప్పుడు వచ్చి, చూసి, ముద్దు పెట్టి, మళ్లీ ఏటి ఒడ్డున రేకుల షెడ్డుకు వెళ్లిపోయాడు. ఇంట్లో ఉన్నది కోడలు, అంటే మా అమ్మ. ఆమె ఒళ్లో ఆ పాప. అది ఇప్పుడు ఇలా ఇంటి గుట్లన్నీ మీ ముందు బయటపెట్టేంత పెద్దదైంది గానీ, అప్పట్లో దానికి పాలు తాగడం, పడుకోవడం తప్ప వేరే పాపం తెలీదు.

వచ్చిన చిక్కంతా ఆ తాగడంతోనే.

మేడ మీద రెండు గదుల వాటా. మధ్యాహ్నమైతే వీధిలో చడీచప్పుడూ ఉండదు. ఫ్యాను తిరుగుతుంటుంది, కుళాయి కారుతుంటుంది, అంతే. అమ్మవాళ్లమ్మ కాలు విరిగి మంచం దిగలేని స్థితి, ఆవిడ వచ్చేది ఫోన్లోనే. నాన్న ఫోన్ చేస్తే వెనక యంత్రాల రొద, మాటలు సగం గాలికే పోయేవి. మనిషి గొంతు వినక ఎంత మొహంవాచిందంటే, ఒకనాడు అమ్మ గ్యాసు బండ కోసం ఫోన్ చేసి, బండ బుక్కయిపోయాక కూడా ఆ రికార్డు గొంతు చెప్పేదంతా చివరిదాకా విన్నది. "ధన్యవాదాలు" అంటే తిరిగి "మీకూ" అని చెప్పింది కూడా.

తాతయ్య ఉన్నాడు, నిజమే. కానీ ఆయన ముందుగది వరండాలో కుర్చీతో కుస్తీ పట్టేవాడు. లోపలిగది తెర దాటి వచ్చేవాడు కాదు. రోజు మొత్తంలో మామాకోడళ్ల మధ్య నడిచే సంభాషణ ఇది.

"భోంచేస్తారా మామయ్యా?"

"వద్దమ్మా, లావైపోతున్నాను."

ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు, తెరకు అటొకరు ఇటొకరు, ఎవరి ఒంటరితనం వాళ్లది.

ఈ లోపల పాప పెరిగింది. మామూలుగా కాదు, పిండి పులిసి పొంగినట్టు పెరిగింది. మణికట్టు దగ్గర దారం కట్టి లాగినట్టు మడతలు. మెడ అనేది ఉందో లేదో స్నానం చేయించేటప్పుడు వేలితో వెతకాల్సి వచ్చేది. నాలుగురోజుల కింద వదులుగా ఉన్న గౌనుకు గుండీలు ఊడిపోయేవి.

కింది వాటా ఆవిడ వచ్చి పాపనెత్తుకుని, "అమ్మో! నా చెయ్యి పడిపోయింది తల్లీ. దొంగచాటుగా డబ్బా పాలేమైనా పడుతున్నావా?" అంది.

"లేదండీ. నా పాలే."

"వట్టి పాలకే ఇంతా? నువ్వూ సన్నమే, మీ ఆయనా సన్నమే. చిన్నప్పుడు లావైతే ఇక జన్మంతా లావే, చూసుకో మరి."

అమ్మ ముఖం చిన్నబోయింది. అంతలో వరండా లోంచి గొంతు. "అందులో మా అమ్మాయి తప్పేం లేదండీ. అది నా పోలిక. మా వైపు అందరివీ భారీ శరీరాలు."

ఆవిడ వెనక్కి తిరిగింది. పేము బద్దకూ తాతయ్యకూ తేడా తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. వచ్చిన పని మర్చిపోయి మెట్లు దిగిపోయింది.

అమ్మకు మాత్రం ఒళ్లు మండింది. ఇక్కడ తను భయపడి చస్తుంటే ఈయనకు వేళాకోళం!

ఫోన్లో అమ్మమ్మ ఇంకాస్త ఆజ్యం పోసింది. "మీరంతా పుట్టినప్పుడు గుప్పెడు ఉండేవాళ్లు. ఇదేమిటే ఇలా ఊరిపోతోంది? నీ పాలలో ఏదో తేడా ఉంది. కొంచెం తగ్గించి ఇయ్యి."

పాప నిద్రపోతుంటే అమ్మ ఫోన్లో వెతికేది. ఒక్కోచోట ఒక్కో పట్టిక. ఏ పట్టికలో చూసినా లోకంలో పిల్లలందరూ తన పిల్లకంటే సన్నం. ఆఖరికి అమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. గోడగడియారం ఎదురుగా కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టింది. ముల్లు అనుకున్నచోటికి రాగానే లాగేసేది. పాప ఒక్కక్షణం ఇదేం అన్యాయమన్నట్టు చూసి, ఆ తర్వాత ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చేది. అమ్మ దాన్ని భుజాన వేసుకుని గది ఈ మూలనుంచి ఆ మూలకు తిరిగేది. పాలు కారి జాకెట్టు తడిసిపోయేది. పాపతోపాటు తనూ ఏడ్చేది. తెరకు అటువైపు కుర్చీ అల్లే చప్పుడు ఆగిపోయేది.

రెండో రోజు సాయంత్రానికి పాప గొంతు బొంగురుపోయింది. తాతయ్య తెర దగ్గరికొచ్చి నిలబడి, తెరతోనే మాట్లాడుతున్నట్టు, "అమ్మాయ్, దానికి ఆకలేస్తోందేమో" అన్నాడు.

"ఆకలి కాదు మామయ్యా. ఎక్కువవుతోంది."

"నా పోలిక కదా, అంతే ఉంటుందిలే..."

"మీరాపండి మామయ్యా!" అమ్మ అరిచేసింది. "మీరెప్పుడు లావుగా ఉన్నారు? అద్దంలో చూసుకున్నారా ఎప్పుడైనా? నా పిల్లకేమవుతుందోనని నాకు ముద్ద దిగడం లేదు. నాకెవరున్నారిక్కడ చెప్పుకోవడానికి?"

తెరకు అటువైపు నుంచి మెల్లగా, "రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం పదమ్మా. నాకూ చూపించుకోవాలనుంది. ఎంత చేసినా ఒళ్లు తగ్గడం లేదు" అని వినిపించింది.

అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కానీ తోడొస్తానన్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు.

డాక్టరమ్మ కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకునే మనిషి. పాప బట్టలిప్పి తూకంలో పడుకోబెట్టింది. పొడవు కొలిచింది, తల చుట్టూ టేపు చుట్టింది, కడుపు నొక్కి చూసింది. పాప ఇదంతా తనకు జరుగుతున్న సన్మానమనుకుని డాక్టరమ్మ వేలు పట్టుకుని వదల్లేదు.

"మీ ఇంట్లో లావుగా ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనున్నానండీ" అన్నాడు తాతయ్య.

డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. కిందికి దించి చూసింది. తర్వాత ఆయన్ని ఇంకేమీ అడక్కుండా అమ్మవైపు తిరిగింది.

"పాప శుభ్రంగా ఉందమ్మా. పొడవూ పెరుగుతోంది, తలా పెరుగుతోంది, చురుగ్గా ఉంది. తల్లిపాలు తాగే పిల్లల్లో కొందరు మొదట్లో ఇలాగే గబగబా బరువెక్కుతారు. బోర్లాపడి, పాకి, ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాక ఆ వేగం దానంతటదే తగ్గుతుంది. తడిపిన బట్టలు బాగానే మారుస్తున్నావా?"

"అదే పనండీ రోజంతా. ఈ రెండు రోజులే కాస్త తగ్గాయి." అమ్మ తలొంచుకుంది. "గడియారం చూసి మధ్యలో లాగేస్తున్నాను. ఎక్కువ తాగేస్తుందేమోనని."

"అయ్యో తల్లీ! రొమ్ము దగ్గర తాగే పిల్లకు ఎంత కావాలో దానికే తెలుసు. అడిగినప్పుడు ఇయ్యి. చాలనుకుంటే అదే వదిలేస్తుంది. బరువు సంగతి నాకు వదిలెయ్, వచ్చే నెల మళ్లీ తీసుకురా, నేను చూస్తాను. నీ పాలలో ఏ తేడా లేదు."

ఆ ఆఖరి మాటకు అమ్మ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక పాప గౌనుకే తుడుచుకుంది.

"ఇక లావుగా ఉన్నాయన రండి" అంది డాక్టరమ్మ.

తాతయ్య చెప్పులు విప్పి, ఎంతో జాగ్రత్తగా, యంత్రం ఎక్కడ విరిగిపోతుందోనన్నట్టు పెద్దవాళ్ల తూకం మీద కాలు పెట్టాడు. ముల్లు కదలాలా వద్దా అని ఆలోచించి, కొంచెం కదిలి, ఆగిపోయింది. డాక్టరమ్మ తూకాన్ని కాలితో ఒకసారి తట్టి చూసింది. తూకం తప్పు కాదు.

"పెద్దాయనా, ఏం తింటున్నారు?"

"లావు కదండీ, తగ్గించాను."

"ఎప్పట్నుంచి?"

తాతయ్య చెప్పుల్లో కాళ్లు దూర్చడంలో మునిగిపోయాడు. "మా ఆవిడ పోయినప్పట్నుంచి. ఒక్కడికి ఏం వండుకుంటాను చెప్పండి."

"పాపకేం భయం లేదమ్మా" అంది డాక్టరమ్మ. "బరువు సంగతి చూసుకోవాల్సింది ఈయన."

బస్సు కోసం ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో తెర లేదు. అమ్మ పాపను ఒళ్లో సర్దుకుని, "మామయ్యా, నిజం చెప్పండి. ఈ లావు గోలేమిటి?" అంది.

"మీ అత్తయ్యను నువ్వు చూళ్లేదు కదూ? మీ పెళ్లికి ముందే పోయింది. మా ఇంట్లో ఫొటోలో మొహమే ఉంటుంది. మనిషి మంచి నిండుగా ఉండేది."

"అలాగా?"

"పెళ్లైన కొత్తలో బస్సెక్కాం. కండక్టరు కుర్రాడు, 'ఆవిణ్ణి ఇటుపక్క కూర్చోబెట్టండయ్యా, బండి ఒరిగిపోతోంది' అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. ఆవిడ తల దించుకుంది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. లేచి నిలబడి, 'ఒరిగింది నావల్లయ్యా, లావంతా నాదే' అన్నాను. నన్ను చూసి ఇంకా నవ్వారు. కొంగు అడ్డం పెట్టుకుని ఆవిడా నవ్వింది. ఇదేదో పనికొచ్చేట్టుందే అనుకున్నాను. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా, ఎవడైనా నోరు తెరిచేలోపే నేనే లావని చెప్పేసేవాణ్ణి. ఇక ఆవిణ్ణి చూడ్డానికి ఎవడికీ తీరికుండేది కాదు."

అమ్మ బల్ల మీద కాస్త ఆయన వైపు జరిగింది.

"ఆవిడ పోయాక కూడా నా నోరు ఊరుకోలేదు, అలవాటు పడిపోయింది కదా. ఊరికే అంటుండేవాణ్ణి, పనేం లేకపోయినా. మళ్లీ ఇన్నాళ్లకు పాప వచ్చింది. జనం దాన్నీ అంటున్నారు, నీ పాలనూ అంటున్నారు. సరే, మళ్లీ పని పడిందిరా అనుకున్నాను. నీకు కోపమొస్తుందని తట్టలేదు."

బస్సొచ్చింది. ఎక్కాక పాపకు ఆకలేసింది. అమ్మ పైట కప్పుకుని పాలు పట్టింది. గడియారం వైపు చూడాలనుకున్నా బస్సులో గడియారం లేదు. పాప తన పని తాను తాపీగా ముగించి, దానంతటదే వదిలేసి, నోరు తెరుచుకుని పడుకుంది.

ఎదుటి సీటు ముసలావిడ తొంగిచూసింది. "అబ్బో, పిల్లేంటమ్మా ఇంత బొద్దుగా ఉంది? ఏం పెడుతున్నావ్?"

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

"పాలేనమ్మా. నావే!" అంది అమ్మ, వెనక సీట్లదాకా వినబడేట్టు.

"పట్టు తల్లీ, పట్టు" అంది ముసలావిడ.

తాతయ్య తెరిచిన నోరు మూసుకోవడం మర్చిపోయాడు. ఇంటి దగ్గర బస్సు దిగాక, ఉద్యోగం ఊడిన మనిషిలా, "మరి నేనింకేం చెయ్యాలమ్మాయ్?" అని అడిగాడు.

"లోపలికొచ్చి, నాతోపాటు కూర్చుని భోంచెయ్యండి."

ఆ పూటనుంచి లోపలిగది తెర ముడేసే ఉంది. అమ్మ వడ్డిస్తుంది, ఆయన వద్దంటాడు, ఆమె వినదు. పాప పాకడం మొదలుపెట్టి, డాక్టరమ్మ అన్నట్టే నాజూగ్గా తయారైంది. తాతయ్యకు మాత్రం చొక్కా కింద చిన్న బొజ్జ ఒకటి పొడుచుకొచ్చింది. ఆయన గర్వం చూడాలి. వచ్చినవాళ్లందరికీ దాన్ని తట్టి చూపించి, "ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఒక్కరైనా నమ్మారా?" అంటున్నాడు.