విశాలి గొంతు

పాతపట్నం దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన విశాలికి, శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో ఇంగ్లీషు రాక్ పాటల పిచ్చి పట్టుకుంది. అదే పిచ్చి ఉన్న శ్రీరామ్ గిటారు పట్టాడు, కామేష్ డ్రమ్స్ కొన్నాడు. మోటార్లు రిపేరు చేసే షాపు పైగదిలో ముగ్గురూ కలిసి 'ఉప్పుగాలి' అని బ్యాండు పెట్టారు. రెండేళ్లు ఇంగ్లీషు పాటలే వాయించారు. ఎవరూ పట్టించుకోలేదు. విసుగెత్తి విశాలి తన ఊరి మాటల్లో ఒక పాట కట్టింది. కాలేజీ ఫంక్షన్‌లో ఆమె "ఏటి సూస్తావే వానా, ఎండిపోయిన నన్ను" అని గొంతెత్తేసరికి కుర్చీల్లో జనం లేచి నిలబడ్డారు. ఎవరో తీసి నెట్‌లో పెట్టిన ఆ పాట వీడియో చూసి హైదరాబాదు నుంచి ఒక మ్యూజిక్ కంపెనీవాళ్లు పిలిచారు.

శ్రీరామ్ ఒక్కడే వెళ్లి మాట్లాడి వచ్చాడు.

"పాట తీసుకుంటారంట. పాడ్డానికి ఏరే అమ్మాయిని పెడతారంట."

"నాను పాడితే ఏటయ్యింది?"

"నీ మొకం వీడియోకి పనికిరాదంట," అన్నాడు గిటారు తీగ బిగిస్తూ. "నానన్నమాట కాదు, ఆళ్లన్నారు. పాట రాసినట్టు నీ పేరేస్తార్లే."

విశాలి కామేష్ వైపు చూసింది. అతను ఫోన్లోంచి తలెత్తలేదు.

పేరైనా మిగులుతుందని హైదరాబాదులో కంపెనీవాళ్ల స్టూడియోకి వెళ్లింది. అనూరాధ అనే కొత్త గాయనికి యాస నేర్పింది. ఎంత చెప్పినా ఆ అమ్మాయికి పట్టుబడలేదు. "మీరొకసారి మొత్తం పాడండి, విని నేర్చుకుంటుంది," అన్నాడు రికార్డింగు చేసేవాడు. విశాలి పాడింది.

పాట విడుదలైంది. తెరమీద పెదాలు అనూరాధవి, గొంతు విశాలిది. పేర్లలో ఎక్కడా ఆమె పేరు లేదు.

ఫోన్ చేస్తే శ్రీరామ్ నవ్వాడు. "నీ గొంతని ఎలా సెప్తావే? అదంతా కంప్యూటర్ సేసింది. అల్లరి పాలవ్వకు. ఆ పిల్లని సూసి ఏడుస్తన్నావంటారు."

కొన్నాళ్లకు బ్యాండు అనూరాధతో కలిసి శ్రీకాకుళంలో కచేరీకి వచ్చింది. విశాలి టికెట్ కొనుక్కుని వెళ్లింది. స్టేజీ మీద అనూరాధ మైకు పట్టుకుని గెంతుతోంది. స్పీకర్లలోంచి వస్తున్నది విశాలి గొంతే. జనం ఊగిపోతున్నారు. శ్రీరామ్ ఆమెను చూశాడు. చూసి, అటు తిరిగి వాయించుకున్నాడు.

విశాలి ఉండబట్టలేకపోయింది. ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి పాటందుకుంది.

పక్కనున్న కాలేజీ అమ్మాయి ఆమె భుజం తట్టింది. "అక్కా, కాసింత ఊరుకో. ఆయమ్మి గొంతు ఇననీవేటి?"

విశాలి నోరు మూసుకుంది. పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత ఇంట్లో కూడా మళ్లీ పాడలేదు.